కొత్త గది, పాత మోతాదు

"గురక అనుకున్నావా?" అని ఉడుము మళ్ళీ అడిగింది.

"గురకే అనుకున్నానండీ," అంది వడ్రంగి కూతురు. "మూడేళ్ళ తర్వాత మా నాన్న హాయిగా పడుకున్నాడని సంతోషపడ్డాను. చప్పుడు చేయకుండా తలుపు దగ్గరగా వేసి కిందికి వచ్చేశాను."

"మళ్ళీ ఎప్పుడు వెళ్ళావు?"

"భోజనానికి లేపుదామని వెళ్ళాను. అప్పటికి గురక లేదు." ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉడుము అన్నది ఆవిడకు అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టే ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఒకసారి పట్టుకుంటే గోడ కూలినా వదలదని తోటివాళ్ళు తగిలించిన పేరది. రిటైరయ్యాక సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టింది. పేరు మాత్రం రిటైర్ కాలేదు. వెన్నులో పూస ఒకటి పక్కకు జరగడంతో ఆవిడ ఒకచోట కూర్చోలేదు. అందుకని ఎదుటివాళ్ళు కుర్చీలో ఉంటే, ఆవిడ వాళ్ళ చుట్టూ తిరుగుతూ ప్రశ్నలు వేస్తుంది. ఏ పాపం ఎరుగని వాళ్ళకు కూడా ఆ తిరుగుడుకు చెమటలు పడతాయి.

ఇవాళ ఆవిడ మరీ నిలవలేకపోతోంది. కింద కార్ఖానాలో పోలీసు ఇన్‌స్పెక్టరు కాచుకుని ఉన్నాడు. సాయంత్రం లోపల ఈ అమ్మాయిని తండ్రిని చంపిన నేరం మీద తీసుకుపోతానని ముందే చెప్పాడు. ఆ ఇన్‌స్పెక్టరు ఉడుముకు సొంత తమ్ముడు. అది చాలదన్నట్టు చిన్నప్పటినుంచీ అక్క చెప్పిందంటే దానికి అడ్డం తిరగడమే పనిగా పెట్టుకున్న తమ్ముడు.

"మొదటినుంచి చెప్పు తల్లీ. మీ నాన్న ఆ మందు ఎందుకు తాగేవాడు?"

"దూలం మీద పడి నడుము విరిగింది. ఆపరేషన్లు చేసినా నొప్పి పోలేదు. ఏ మాత్రకూ లొంగకపోతే మార్ఫిన్ సిరప్ రాశారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదట్లో కొంచెమే. తర్వాత్తర్వాత పెంచుకుంటూ వచ్చారు. ఏడాదిగా ఒకటే మోతాదు."

"ఎవరు పోసేవారు?"

"నేనే. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు."

"ఆ రోజూ అంతేనా?"

"కొలత మూతలో గీత దాకా. ఒక్క చుక్క ఎక్కువ పొయ్యలేదు. నా బిడ్డ మీద..."

"ఒట్లు వద్దు. ఒట్లు విని విని నా చెవులు కాయలు కాశాయి. రోజూ ఎక్కడ తాగేవాడో చెప్పు."

"కింద, తన పని బల్ల దగ్గర. పని చేయలేకపోయినా పొద్దస్తమానం అక్కడే స్టూలు మీద కూర్చునేవాడు. పనివాళ్ళు పాలిష్ పెడుతుంటే తప్పులు పట్టేవాడు. రేడియో మోగుతూ ఉండాల్సిందే. సొట్ట పడ్డ స్టీలు గ్లాసులో పోసిస్తే గటగటా తాగి, 'ఇప్పుడు రమ్మను ఆ నొప్పిని' అనేవాడు."

"ఆ రోజు మాత్రం ఈ గదిలో ఇచ్చావు."

"మా ఆయన కట్టించిన గదండీ ఇది. ఆ దుమ్ములో, కంపులో మామయ్య ఇంకా ఎన్నాళ్ళుంటాడని ఆరు నెలలు కష్టపడి కట్టించారు. ఆ రోజే పైకి తెచ్చాం. మా నాన్నకు నచ్చలేదు. 'నన్ను నా బల్ల దగ్గరికి తీసుకుపోవే' అని చంటిపిల్లాడిలా పేచీ పెట్టాడు. నేనే బతిమాలి తాగించాను." ఆమె తల పైకెత్తింది. "నేను వినుంటే బతికేవాడా?"

ఉడుము ఆమెను కిందికి పంపి, గదిలో ఒంటరిగా ఒక చుట్టు తిరిగింది.

మంచి గదే. రెండు కిటికీలు, తెల్లటి గోడలు. కొత్త మంచం, కొత్త పరుపు, కవరు కూడా పూర్తిగా తీయని దిండు. దుప్పటి మడతల గీతలు ఇంకా పోలేదు. బల్ల మీద పూల బొమ్మల గాజు గ్లాసు, దాని అడుగున షాపువాడి చీటీ. మంచం కింద కొత్త చెప్పులు. ఉడుము వంగి చూసి, నడుము పట్టేసి, గోడ ఆసరాతో మెల్లగా లేచింది. రేడియో లేదు. పాత దుప్పటి లేదు. చిరిగినదో, మాసినదో, మనిషి చెయ్యి తగిలి నునుపుదేలినదో ఒక్క వస్తువు లేదు. ముసలాయన చేసిన పీట కూడా ఒక్కటి లేదు. ఊళ్ళో సగం ఇళ్ళకు తలుపులు చేసిన మనిషి గదిలో మంచం ఇనుపది.

ఆవిడ గాలి పీల్చి చూసింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. కింద కార్ఖానాలో నిలబడితే పాలిష్ వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంది. మెట్ల దాకా వచ్చిన ఆ వాసన గది గుమ్మం దాటలేదు. తలుపు అంచు పొడుగునా రబ్బరు పట్టీ అతికించి ఉంది. దాన్ని వేలితో నొక్కుతూ ఆవిడ చాలాసేపు నిలబడింది.

మెట్ల మీదినుంచి కూతుర్ని కేకేసి అడిగింది. "అమ్మాయ్, మీ నాన్నను పైకి తెచ్చేముందు స్నానం చేయించారా?"

"మా ఆయనే చేయించారండీ. గోళ్ళల్లో పాలిష్ మరకలు కూడా కిరోసిన్‌తో తుడిచి, సబ్బుతో మూడు నాలుగుసార్లు కడిగారు. అంత శ్రద్ధగా కన్నకొడుకు కూడా చేయడు."

పంటి కింద రాయి తగిలినట్టయింది ఉడుముకు. ప్రేమగా గది కట్టించేవాడు దుమ్ము దులుపుతాడు, పరుపు మారుస్తాడు. కానీ ముసలివాళ్ళు కొత్త చోట బెంగపడతారని ఏదో ఒక పాత వస్తువు కూడా తెచ్చి పెడతాడు. కనీసం పాత దిండయినా. ఇక్కడెవరో పాతదన్నది గడప తొక్కకుండా కాపలా కాశారు. ఎందుకు కాశారో మాత్రం ఆవిడకు అంతుపట్టలేదు. అల్లుడు మంచివాడు. నిన్న కళ్ళనీళ్ళతో తన ఇంటికి వచ్చి, "మా ఆవిడ చీమకు కూడా హాని చేయదు మేడమ్, ఎలాగైనా బయటపడెయ్యండి" అని పనిలో పెట్టినవాడు అతనే. అలాంటివాడి మీద ఈ ఆలోచన రావడమే ఆవిడకు రుచించలేదు.

కిందికి దిగేసరికి తమ్ముడు పని బల్లకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"అయిందా అక్కా నీ ప్రదక్షిణం? జీపు స్టార్ట్ చేయించనా?"

"చిన్నప్పుడూ నీకిదే తొందర. పరీక్ష సగం రాసి బయటికొచ్చి, పాసైన వాళ్ళను తిట్టేవాడివి."

షట్టరు దగ్గరున్న కానిస్టేబులు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మెడ ఎర్రబడింది.

"చూడు, ఇది కాలిపోయిన గోడౌను క్లెయిము కాదు. పోస్టుమార్టం రిపోర్టు నా జేబులో ఉంది. మామూలు మనిషి ప్రాణం తీయడానికి చాలినంత మార్ఫిన్ రక్తంలో ఉంది. ఊపిరి మందగించి, మందగించి ఆగిపోయింది. పోసింది ఎవరంటే నేనే అంటోంది. ముందు రోజు పనివాళ్ళందరూ వింటుండగా, 'ఈ నరకం కంటే నాన్నను దేవుడు తీసుకుపోతే బాగుండు' అని కూడా అంది. ఇంకేం కావాలి నీకు?"

"ఆ మాట మంచాన పడ్డవాళ్ళు ఉన్న ప్రతి ఇంట్లోనూ అనుకుంటారు. ఈ పిచ్చిది పైకి అంది. అది సరే, మామూలు మనిషి ప్రాణం అన్నావు. ఈయన మామూలు మనిషా? మూడేళ్ళుగా తాగుతున్నాడు. పోయిన నెల క్లినిక్‌లో రక్తం తీసినప్పుడూ దాదాపు ఇంతే ఉంది. కాగితం తెప్పించాను, చూసుకో. మరి పోయిన నెల ఎందుకు పోలేదు?"

"రెండో సీసా ఏదైనా దాచిందేమో."

"పాత సీసా ఖాళీది అప్పగిస్తే తప్ప క్లినిక్ కొత్తది ఇవ్వదు. ఆ రోజే సీలు తీసిన సీసాలో ఒక్క మోతాదే తగ్గింది. కొలిచింది నీ మనుషులే."

"అయితే మందు చంపలేదంటావా?"

"మందే చంపింది."

"మందే చంపింది, కానీ ఎక్కువ పొయ్యలేదు. నువ్వు చెప్పేది నీకైనా అర్థమవుతోందా?" ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "పైగా ఒక్కత్తే కూతురు. రోడ్డు పక్క ఈ స్థలం ఎంత పలుకుతుందో తెలుసా? ముసలాయన బతికుండగా దీన్ని అమ్మనివ్వలేదు. కొనడానికి వచ్చినవాళ్ళను ఉలి పట్టుకుని తరిమాడట. ఇప్పుడు మొత్తం ఆమెదే."

"తండ్రిని చంపిందని తేలితే చిల్లిగవ్వ కూడా రాదు కదరా. జైలుకు పోయి స్థలం ఏం చేసుకుంటుంది? ఆమెకు శిక్ష పడితే నష్టపోయేది..."

ఉడుము సగంలో ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిన మాటే తనకు అడ్డం పడింది. ఆమెకు శిక్ష పడితే స్థలం చేజారేది ఆమెకొక్కతెకే కాదు. ఆమె నిర్దోషిగా బయటపడాలని అందరికంటే ఎక్కువ ఆత్రపడుతున్న మనిషి ఇంకొకడున్నాడు. ఆ ఆత్రాన్నే ఆవిడ నిన్నటినుంచి ప్రేమ అనుకుంటోంది.

నడుము నొప్పి ఒక్కసారిగా కాళ్ళలోకి పాకింది. కార్ఖానాలో ఈ చివరినుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచింది.

"ఏమైందక్కా?"

"నోరు మూసుకుని అందర్నీ ఈ బల్ల దగ్గరికి పిలు. పావుగంట ఇవ్వు. ఆ తర్వాత ఎవర్ని జీపెక్కిస్తావో నీ ఇష్టం."

అల్లుడు పెరట్లోంచి వచ్చాడు. నలభై దాటని మనిషి, నెమ్మది మాట. భార్య పక్కన నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతికి చెంప ఆనించుకుంది. అది చూసి ఉడుము చూపు తిప్పుకుంది.

"ఒక్కటే అడుగుతాను బాబూ," అంది. "ఆ నొప్పి క్లినిక్‌కు మీరెప్పుడైనా వెళ్ళారా?"

"ఆటోలో దింపి వచ్చేవాణ్ణి మేడమ్. లోపలి సంగతులన్నీ మా ఆవిడే చూసేది. ఆ మందు గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు."

"సరే." ఆవిడ ఫోన్ తీసి నొప్పి డాక్టరుకు కలిపి, స్పీకరు పెట్టి, ముసలాయన కూర్చునే స్టూలు మీద ఉంచింది. "డాక్టర్ గారూ, పొద్దున మీరు అడ్మిషన్ల హడావుడిలో ఉండి తర్వాత చెప్తానన్నారు. ఇప్పుడు చెప్పండి. ఏడాదిగా తాగుతున్న మోతాదే ఒక మనిషిని ఒక రోజు చంపగలదా?"

"గది మార్చారా?" అని అడిగాడు డాక్టరు.

ఉడుము ఫోన్‌కు దగ్గరగా జరిగింది.

"మార్చారు. గది, మంచం, గ్లాసు, వాసన, అన్నీ."

"అయ్యో," అన్నాడు డాక్టరు.

"మాకు అర్థమయ్యేట్టు చెప్పండి. ఇక్కడ ఒక ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడు."

"నరాల కణాలు ఒకదాన్ని ఒకటి అంటుకుని ఉండవండీ. మధ్యలో సన్నటి సందు ఉంటుంది. నొప్పి కబురు ఆ సందు దాటాలంటే ఇవతలి కణం ఒక రసాయనాన్ని అవతలికి వదలాలి. మార్ఫిన్ వెళ్ళి ఇవతలి కణం మీద కూర్చుని, కాల్షియం లోపలికి వెళ్ళే దారి మూసేస్తుంది. కాల్షియం రాకపోతే ఆ రసాయనం బయటికి రాదు. అవతలి కణంలోంచి పొటాషియం బయటికి పోయేట్టు చేస్తుంది. దాంతో ఆ కణం మత్తుగా పడి ఉంటుంది, పిలిచినా పలకదు. గాయం గాయంలాగే ఉంటుంది, కబురు మాత్రం అందదు. అంతవరకూ మేలే. కానీ మెదడు కింది భాగంలో ఊపిరిని నడిపే కణాలు కూడా ఈ మందుకు ఇలాగే లొంగుతాయి."

"అవి మూగబోతే మనిషి ఊపిరి తీయడం మర్చిపోతాడు," అంది ఉడుము.

"అంతే. అప్పుడొచ్చే చప్పుడు అచ్చం గురకలా ఉంటుంది."

వడ్రంగి కూతురు కళ్ళు మూసుకుంది.

"మరి ఇన్నాళ్ళూ ఎలా తట్టుకున్నాడండీ?" అని ఈసారి ఇన్‌స్పెక్టరే అడిగాడు.

"రోజూ నోరు నొక్కేస్తుంటే కణాలు ఊరుకోవు సార్, ఎదురు తోయడం నేర్చుకుంటాయి. అందుకే మోతాదు పెంచాల్సి వస్తుంది. మెదడు ఇంకో గడుసు పని కూడా చేస్తుంది. రోజూ ఒకే చోట, ఒకే వాసనలో, ఒకే గ్లాసుతో తాగితే, అవి తగలగానే మందు వస్తోందని పసిగట్టి ముందే ఎదురు తోపుడు మొదలుపెడుతుంది. వరద వస్తుందని తెలిసి గట్టు వేసుకున్నట్టు. అన్నీ ఒక్కసారిగా మార్చేస్తే గట్టు వేసే వ్యవధి ఉండదు. వరద మాత్రం ఎప్పటి వరదే."

"ఇది మీ ఊహా, రుజువున్న మాటా?"

"ఎలుకల్లో స్పష్టంగా చూశారు. మనుషుల్లోనూ ఇలాంటి మరణాలు కనిపించాయి. అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పలేను. కానీ ఈయనకు చెక్కపొట్టు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నాయి. పెద్ద మోతాదు. అందుకే మేం భయపడతాం."

"గదికి బేడీలు వెయ్యమంటావా అక్కా?" అని ఇన్‌స్పెక్టరు గొణిగాడు. కానీ ఆ గొంతులో వెటకారం సగానికి పడిపోయింది.

అల్లుడు గట్టిగా ఊపిరి వదిలాడు. "విన్నారుగా సార్? మా ఆవిడ తప్పేమీ లేదు. మామయ్య సుఖపడాలని మేం గది మార్చాం, విధి ఇలా వక్రించింది. మేడమ్, మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను. ఇక ఫోన్ పెట్టేయండి, పాపం డాక్టరు గారికి ఎన్ని పనులో." ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

ఉడుము ఆ చేతికీ స్టూలుకూ మధ్యకు వచ్చి నిలబడింది. ఇక్కడితో ఆపేస్తే తను ఒప్పుకున్న పని పూర్తయినట్టే. ఈ పిల్ల బయటపడుతుంది, భర్త పక్కన తన ఇంట్లో తను ఉంటుంది. ఆపాలని నిజంగానే అనిపించింది. కానీ ఆ ముసలాయన గోళ్ళు గుర్తొచ్చాయి. అంత శుభ్రంగా కడిగిన గోళ్ళు.

"ఒక్క మాట డాక్టర్ గారూ. చోటు మారిస్తే ప్రమాదమని ఈ ఇంట్లో ఎవరికైనా చెప్పారా?"

"చెప్పకుండా ఎలా ఉంటానండీ? అల్లుడు గారికి చెప్పాను. ఆయనే రెండు మూడు నెలల కిందట ప్రత్యేకంగా వచ్చి అడిగారు, మామయ్యకు కొత్త గది కడుతున్నాం, మందు విషయంలో జాగ్రత్తలేమైనా ఉన్నాయా అని. కొత్త చోట మొదటి కొన్నాళ్ళు సగం మోతాదే ఇవ్వండి, రాత్రి పక్కనే ఉండి ఊపిరి చూసుకోండి, పాత వస్తువులు వీలైనన్ని దగ్గర పెట్టండి అని చెప్పాను. ఆయన చాలా ఓపిగ్గా విన్నారు. వాసన కూడా లెక్కలోకి వస్తుందా అని కూడా అడిగారు. అంత తెలివైన ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు."

ఉడుము ఫోన్ ఆపేసింది. అల్లుడు దారి చాలా నున్నగా వేసుకున్నాడు. ముసలాయన పోతే స్థలం దక్కుతుంది, పోకపోతే మామయ్యకు గది కట్టించాడన్న మంచిపేరు దక్కుతుంది. ఎటు పడినా చిల్లులేని బేరం. పోలీసులు భార్యను అనుమానిస్తారని ఒక్కటి ఊహించుకోలేదు. అందుకే తన దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

ఇన్‌స్పెక్టరు కానిస్టేబులుకు కంటితో సైగ చేశాడు. షట్టరు సగం కిందికి దిగింది.

"మర్చిపోయాను," అన్నాడు అల్లుడు. అతని గొంతు మునుపటిలాగే నెమ్మదిగా ఉంది. "గది హడావుడిలో ఆ మాట చెప్పడం మర్చిపోయానే. ఒట్టు. క్లినిక్‌కు వెళ్ళిన సంగతి కూడా నిజంగా గుర్తు లేదు."

అతను మాట్లాడుతున్నది ఇన్‌స్పెక్టరుతో కాదు, ఉడుముతోనూ కాదు. భార్య వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. ఆమె అతని చేతిని భుజం మీదినుంచి మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"మర్చిపోలేదండీ మీరు," అంది. ఏడుపు లేదు. "ముందు రోజు రాత్రి పక్క మీద మీరే అడిగారు. 'రేపు కొత్త గదిలో కూడా పూర్తిగా గీత దాకా పోస్తావు కదూ, తగ్గించవు కదూ' అని. రెండుసార్లు అడిగారు."

అతను సగం దిగిన షట్టరు వైపు చూశాడు.

"మా నాన్న నొప్పితో బాధపడకూడదని అడుగుతున్నారనుకున్నాను," అంది ఆమె. "మీలాంటి మనిషి దొరికాడన్న సంతోషంతో ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు నాకు."